కత్తిలోకి ఎక్కిన మంత్రం

బాబాయి ఆటలో చేరిన మొదటి ఆదివారమే పేచీ పెట్టాడు.

"ఖాళీ చెయ్యి ఉండాలట. నాకెక్కడిది?" అంటూ రూల్సు పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "ఉన్న ఒక్క చేత్తో కత్తి పట్టుకోవాలా, మంత్రం వెయ్యాలా? ఏదో ఒకటి తేల్చి చెప్పు తల్లీ."

బల్ల చుట్టూ ఉన్న ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాబాయికి ఎడమ చెయ్యి మణికట్టు వరకే ఉంది. నాలుగేళ్ళ కిందట బస్ డిపో వర్క్‌షాపులో గేర్‌బాక్సు దించుతుండగా గొలుసు జారింది. ఆ సంగతి ఆయన దాచుకోడు. దాని గురించి ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడితే మాత్రం ఊరుకోడు.

అది పాచికల ఆటే కానీ, గళ్ళూ కాయలూ ఉండవు. ఒకరు కథ నడుపుతారు. వాళ్ళని సూత్రధారి అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ కథలో తమ మనిషి ఏం చేస్తాడో చెబుతుంటారు. చేసిన పని ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. యుద్ధం వచ్చినప్పుడు అందరికీ వంతులుంటాయి. ఒక వంతులో ఒకటే పని. కత్తి అయినా తిప్పాలి, మంత్రమైనా వెయ్యాలి. మంత్రం వెయ్యాలంటే నోటితో మాటలు పలకాలి, ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. పుస్తకం మొత్తంలో పాతుకుపోయిన రూలు అది.

సూత్రధారి లెక్కలక్క. డిపోలో బస్సులకు టైంటేబుళ్ళు వేసే ఉద్యోగం ఆమెది. నూట నలభై బస్సులు, మూడొందల పైచిలుకు డ్రైవర్లు. ఎవరు ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ టీ తాగాలి అన్నది ఆమె కాగితం మీదే తేలుతుంది. ఒకే డ్రైవరు ఒకే సమయానికి రెండు బస్సుల్లో ఉండాల్సిన తప్పు ఆమె పదిహేనేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా దొర్లలేదు. డిపోలో పెద్దా చిన్నా అందరూ ఆమెను లెక్కలక్క అనే పిలుస్తారు. చివరికి సొంత తమ్ముడు కూడా.

ఆ తమ్ముడి మోటారు సైకిళ్ళ రిపేరు షాపు పైగదిలోనే ఆట. పాత తలుపు చెక్కను రెండు ఆయిలు డ్రమ్ముల మీద పరిస్తే అదే బల్ల. ఆటలో తమ్ముడు కత్తివీరుడు, వంతుకు రెండు దెబ్బలు వేస్తాడు. మరదలు కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఆటలో మాత్రం ఆమె మంత్రగత్తె, నలభై అడుగుల దూరం నుంచి నిప్పు కురిపిస్తుంది.

"ఆటే కదా బాబాయ్," అన్నాడు తమ్ముడు. "నీ మనిషికి రెండు చేతులున్నాయనుకుంటే పోలా?"

"నువ్వు నీ మనిషికి భుజాల దాకా జుట్టు పెట్టుకున్నావు, నేనేమన్నా అన్నానా?"

తమ్ముడు తన బట్టతల తడుముకున్నాడు. మరదలు నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేసింది.

"నీ జుట్టు నీ ఇష్టం రా," అన్నాడు బాబాయి. "నాకు మాత్రం రోజూ అద్దంలో కనపడేవాడే ఇక్కడా కావాలి. వాడు కత్తీ తిప్పాలి, మంత్రమూ వెయ్యాలి."

"రెండూ ఎందుకు మామయ్యా?" అంది మరదలు.

"ఒక్కొక్కటే చేసేవాళ్ళు మీరిద్దరున్నారుగా. మళ్ళీ నేనెందుకు?"

లెక్కలక్క ఎక్కువసేపు ఆలోచించలేదు. బాబాయి ఆట మీద మనసు పడి రావడమే ఆమెకు పెద్ద సంగతి. ప్రమాదం తర్వాత ఆయన్ని పనిముట్ల గదికి మార్చారు. డ్యూటీ అయితే ఇల్లు, ఇల్లయితే డ్యూటీ. పిన్ని పోరగా పోరగా ఇవాళ ఇక్కడికి వచ్చాడు. "సరే బాబాయ్. నీ కత్తి పట్టిన చెయ్యే మంత్రం చెయ్యి. ఒకే వంతులో కత్తీ తిప్పు, మంత్రమూ వెయ్యి," అనేసింది.

ఆ రోజు కథలో లోయ దారిలో నలుగురు బందిపోట్లు అడ్డం వచ్చారు. బాబాయి వంతు ముందొచ్చింది. కత్తితో ఒకణ్ణి కొట్టాడు, మెరుపుతో ఇంకొకణ్ణి పడగొట్టాడు. అది చూసి మిగిలిన ఇద్దరూ పారిపోయారు. మరదలి చేతిలో పాచిక చేతిలోనే ఉంది. తమ్ముడు బిస్కెట్ల పొట్లం ఖాళీ చేసి మడత పెడుతున్నాడు.

"వదినా, నేను ఆడటానికి వచ్చానా, చూడ్డానికి వచ్చానా?" అంది మరదలు. గొంతులో కోపం లేదు కానీ, నవ్వు కూడా లేదు.

బాబాయి పాచిక బల్ల మీద పెట్టేశాడు.

"దాని మాట నిజం. ఇది రూలు కాదు, జాలి. నువ్వు ఆఫీసులో ఇట్లాగే వేస్తావా టైంటేబులు? బస్సు తప్పిపోయినోడు పాపమని వాడికో బస్సు ఇచ్చేస్తావా?"

ఆ మాట లెక్కలక్కకు గట్టిగానే తగిలింది. ఎందుకంటే అది అక్షరాలా నిజం. ఒకే మనిషిని రెండు బస్సులు ఎక్కించింది తను. "వచ్చే ఆదివారానికి సరిచేస్తాను," అంది.

వారమంతా మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు కాగితాల వెనక లెక్కలు వేసింది. తమ్ముడు ఒక వంతులో సగటున ఎంత నష్టం చేస్తాడు, మరదలు ఎంత చేస్తుంది, బాబాయి అందులో ఎంతకు మించకూడదు. లెక్క చక్కగా కుదిరింది. కత్తి బలం సగం, మంత్రం బలం సగం. కూడితే ఒకటి. ఎవరికీ అన్యాయం లేదు.

ఆదివారం ఆడితే తెలిసింది అసలు సంగతి. బాబాయి కత్తి దెబ్బ శత్రువు కవచం మీద గోకినట్టుంది. మెరుపు దీపంలో వత్తి అంటుకున్నట్టుంది. ఎనిమిది వంతులు తిరిగినా ఆయన చేతిలో ఒక్కడూ పడలేదు. పోయినవారం చిన్నబుచ్చుకున్న మరదలే, "మామయ్యా, నా నిప్పులోంచి కొంచెం తీసుకోకూడదూ," అని బతిమాలింది.

బాబాయి ఆట చివరిదాకా ఆడాడు. మధ్యలో లేవలేదు. అయిపోయాక చొక్కా సర్దుకుంటూ, "పోయినవారం నన్ను ఇద్దరు మనుషుల్ని చేశావు, ఈవారం అరా అరా మనుషుల్ని చేశావు. నేను ఒకణ్ణే అమ్మా," అని మెట్లు దిగిపోయాడు.

లెక్కలక్క కిటికీలోంచి చూసింది. ఆయన కోపంగా నడవడం లేదు. బస్టాపు దగ్గర ఎవరో పలకరిస్తే నిలబడి మాట్లాడుతున్నాడు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది, తన మీద తనకే. లెక్క సరిపోయింది, మనిషి సరిపోలేదు. ఎక్కడో ఏదో చూడకుండా వేసింది.

మంగళవారం పొద్దున కొత్త డ్యూటీ చార్టు సంతకానికి వర్క్‌షాపుకు వెళ్ళింది. ఆ కాగితం ప్యూను చేత పంపొచ్చు. తనే తీసుకెళ్ళింది. పనిముట్ల గదిలో బాబాయి డ్రిల్లు మిషను ముందు నిలబడి బ్రేకు లివర్లకు వేసే బుష్షులనే చిన్న ఇత్తడి గొట్టాలకు రంధ్రాలు వేస్తున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

ఇన్నేళ్ళలో ఆయన పని చెయ్యడం దగ్గర నిలబడి చూడలేదామె. బుష్షు తీసి, ముక్కను కదలకుండా పట్టే వైసు దవడల మధ్య పెట్టాడు. కింద తనే అమర్చుకున్న పెడల్ ఒకటి ఉంది. కాలితో తొక్కితే వైసు బిగుసుకుంది. ఎడమ ముంజేత్తో మిషను మీట మీద బరువు ఆనించాడు. కుడి చేత్తో నూనె చుక్కలు వేశాడు. అప్పుడు మీట దించాడు. పీచులా ఇత్తడి లేచి పడింది. పెడల్ వదిలాడు, బుష్షు గిన్నెలోకి జారింది. ఇంకోటి తీశాడు. పక్క మిషను మీద రెండు చేతులున్న ఫిట్టరు కూడా అదే పని చేస్తున్నాడు. తనకు తెలియకుండానే లెక్కపెట్టింది. ఫిట్టరు గిన్నెలో ఎన్ని పడ్డాయో బాబాయి గిన్నెలోనూ అన్నే పడ్డాయి.

"ఏం తల్లీ, దొంగతనంగా చూస్తున్నావు?"

"అన్నీ ఒకేసారి చెయ్యవు కదా బాబాయ్ నువ్వు."

"ఒకేసారి ఎవరు చేస్తారు? ముందు బిగించుకుంటా. బిగించుకున్నాక అది కదలదు, ఇక నా చెయ్యి నాది." ఆయన వైసు మీద తట్టాడు. "కాకపోతే బిగించేటప్పుడు ఎవడైనా వచ్చి భుజం మీద చెయ్యేశాడో, అంతే సంగతులు. ముక్క జారుద్ది. మళ్ళీ మొదటికి."

"అప్పుడేం చేస్తావు?"

"తిడతా. ఆ ఫిట్టర్ని అడుగు, ఎన్ని తిట్లు తిన్నాడో."

ఫిట్టరు అటునుంచి, "లెక్క మీకే బాగా వస్తది అక్కా, వేసుకోండి," అన్నాడు. లెక్కలక్క నవ్వింది కానీ, మనసు అప్పటికే అక్కడ లేదు. చార్టు మీద సంతకం తీసుకోవడం కూడా మరిచిపోయి వెనక్కి వచ్చేసింది. సీటులో కూర్చుని అదే చార్టు వెనక నాలుగు వాక్యాలు రాసింది.

కత్తిలోకి మంత్రం ఎక్కించడానికి ఒక వంతు. ఆ వంతులో ఇంకే పనీ చెయ్యకూడదు. తర్వాత కత్తి దెబ్బ ఎవరికి తగిలితే మంత్రం పూర్తి బలంతో వాళ్ళ మీద పేలుతుంది. తగలకపోతే మంత్రం కత్తిలోనే ఉంటుంది, కానీ ఈలోగా తను దెబ్బ తింటే జారిపోతుంది.

సగం బలాలు లేవు. కత్తి పూర్తి కత్తే, మంత్రం పూర్తి మంత్రమే. వరస మాత్రమే ఉంది.

ఆదివారం ఆ రూలుతో ఆడారు. బాబాయి మంత్రం ఎక్కిస్తున్నంతసేపు శత్రువులు ఆయన మీదికే దూకారు. దాంతో తమ్ముడికి పని పడింది. బాబాయికి ముందు నిలబడి కాచాడు. కత్తి అందని దూరంలో ఉన్నవాళ్ళు మరదలి వంతుకు వచ్చారు. మూడో వంతులో బాబాయి పాచిక పదిహేడు చూపించింది. కత్తి తగిలింది, పిడుగు పేలింది, ఎదురుగా ఉన్న తోడేలు ఇంకో మాట లేకుండా కూలింది.

"ఆఁ!" అన్నాడు బాబాయి. టీ రెండోసారి పోయించుకున్నాడు.

మూడు వారాలు అలా ఆడాక, మరదలు తన షాపులో ఎవరో కస్టమరు ఇచ్చిన కరపత్రం ఒకటి తెచ్చింది. ఆ ఆట పుస్తకం వేసేవాళ్ళు కొత్త ముద్రణ తెస్తున్నారు. కత్తినీ మంత్రాన్నీ కలిపి వాడే పాత్రకు సరైన రూలు కావాలని చాలామంది అడుగుతున్నారట. సొంత రూలు ఉన్న జట్లు టౌన్‌హాలుకు వచ్చి, ఎడిటరు ముందు ఒక గంట ఆడి చూపించాలి. నచ్చిన రూలు పుస్తకంలో అచ్చవుతుంది.

"పోదాం," అంది లెక్కలక్క వెంటనే.

"పెద్ద పెద్దవాళ్ళు వస్తారేమో అక్కా," అన్నాడు తమ్ముడు.

"రానీ. మన రూలు మూడు ఆదివారాలు నడిచింది. నడిచే బండిని దాచుకుంటామా?"

టౌన్‌హాలులో పదకొండు బల్లలు వేశారు. గోడల మీద దుమ్ము పట్టిన ఫ్యాన్లు, మూలన మంచినీళ్ళ డ్రమ్ము, ప్రతి బల్ల మీదా ఒక నంబరు. వీళ్ళది ఏడో నంబరు. ఎడిటరు పొట్టి జుట్టున్న పెద్దావిడ, మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. వస్తూనే కుర్చీ లాక్కుని కూర్చుంది. నాలుగు వాక్యాలూ చదివింది. మళ్ళీ చదివింది.

"బాగుంది. కానీ పొద్దున్నే నిద్ర లేచి కత్తిలోకి మంత్రం ఎక్కించుకుని, రోజంతా ఒరలో పెట్టుకుని తిరిగితే? యుద్ధం మొదలవ్వగానే మొదటి దెబ్బకే పిడుగు. మీరు ఎక్కించడానికి పెట్టిన వంతు ఏమైపోయింది మరి?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. లెక్కలక్కకు ముఖం వేడెక్కింది. మూడు ఆదివారాల్లో ఎవరికీ తట్టని బొక్క అది, అదీ లారీ దూరిపోయేంత పెద్దది.

కానీ ఆమె తొణకలేదు. డిపోలో పొద్దున్నే ఆరు బస్సులు ఒకేసారి మొరాయించిన రోజులు చూసింది ఆమె. "రెండు నిమిషాలు ఇవ్వండి," అంది.

"తీసుకోండి," అంది ఎడిటరు.

లెక్కలక్క పెన్ను మూత తీసింది. ఆగి ఉన్న బస్సులో కూర్చున్న డ్రైవర్ని ఆమె ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు చూపించదు. బస్సు కదలకపోయినా వాడు డ్యూటీలోనే ఉంటాడు. అలాగే మంత్రాన్ని మోసేవాడు కూడా ఏదో ఒకటి వదులుకుని మొయ్యాలి. ఏది? మంత్రానికి కావలసినవి రెండు, చెయ్యీ నోరూ. చెయ్యి కత్తికిచ్చేశాడు. ఇక మిగిలింది...

"నోరు," అంది పైకి. ఐదో వాక్యం రాసి ఎడిటరు ముందుకు తోసింది. "మంత్రంలో చివరి మాట ఒకటి పలక్కుండా మిగుల్చుకోవాలి. కత్తి తగిలినప్పుడే అది పలకాలి. అప్పటిదాకా ఇంకే మాట మాట్లాడినా మంత్రం జారిపోతుంది. ఆటలో మనిషే కాదు, బల్ల దగ్గర ఆ పాత్ర ఆడేవాళ్ళు కూడా మాట్లాడకూడదు. రోజంతా మోస్తారా, మొయ్యమనండి చూద్దాం."

తమ్ముడు పగలబడి నవ్వాడు. "అయిపోయింది! బాబాయి నోరు మూసుకోవడమే! అక్కా, నువ్వు రూలు రాయలేదు, శిక్ష రాశావు."

"ఒరేయ్, నేను మూగనోము పట్టానంటే నీకే దిగులు పుడుద్ది," అన్నాడు బాబాయి.

ఎడిటరు కళ్ళజోడు పెట్టుకుంది. "సరే. నేనే సూత్రధారిని. ఆడండి. నేను దీన్ని పాడుచెయ్యడానికే చూస్తానని ముందే చెబుతున్నా."

కూలిపోయిన కోట లోపలి ఆవరణ. ఎదురుగా ఇనుప తొడుగులు వేసుకున్న రాకాసి. బాబాయి మొదటి వంతులో, "పిడుగు మంత్రం ఎక్కిస్తున్నాను," అని చెప్పి పెదాలు బిగించాడు. తమ్ముడు ముందుకు జరిగి రెండు దెబ్బలు వేశాడు, ఒకటి తగిలింది. మరదలు నిప్పు విసిరింది, ఇనుము ఎర్రబడింది కానీ వాడు ఆగలేదు. గద తమ్ముడి భుజాన్ని తాకింది. బాబాయి రెండో వంతు వచ్చింది. పాచిక వేశాడు. ఏడు. తగలలేదు. మంత్రం ఇంకా కత్తిలోనే ఉంది.

బాబాయికి తిట్టుకోవాలని ఉంది. అందరికీ తెలుస్తోంది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు మెదపలేదు.

అప్పుడు ఎడిటరు చాలా తీరిగ్గా అంది. "వెనక గోడ మీద నుంచి ఒకడు చప్పుడు లేకుండా దిగుతున్నాడు. చేతిలో బాకు ఉంది. మంత్రగత్తె వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆవిడ చూడలేదు. కత్తివీరుడూ చూడలేదు." ఆవిడ బాబాయి వైపు తిరిగింది. "చూసింది మీరొక్కరే. తర్వాతి వంతు వాడిది."

బాబాయి చటుక్కున ఎడమ ముంజెయ్యి పైకెత్తి మరదలి వెనక్కి చూపించాడు.

"చూపించొచ్చు," అంది ఎడిటరు. "కానీ ఆవిడ రాకాసి వైపు చూస్తోంది. మీరు ఆవిడకి కనపడరు."

లెక్కలక్క పెన్ను బల్ల మీద పెట్టేసింది. రూలు రాసింది తను. ఇప్పుడు దాన్ని మోస్తున్నది ఆయన. నోరు విప్పకపోతే వచ్చే వంతులో పిడుగు పడొచ్చు, రాకాసి పనైపోవచ్చు. మరదలి పాత్ర మాత్రం మిగలకపోవచ్చు. ఒక వంతు ఎక్కించుకుని, ఒక దెబ్బ తప్పి, ఇంతసేపు పళ్ళు బిగించి మోసింది ఇప్పుడు పారెయ్యాలి.

బాబాయి ఒక్క క్షణం కంటే ఎక్కువ తీసుకోలేదు.

"అమ్మాయ్, నీ వెనక!"

"మంత్రం జారిపోయింది," అంది ఎడిటరు.

"పోతే పోనీ. మళ్ళీ ఎక్కిస్తా. నువ్వు వంగమ్మా ముందు!"

మరదలు వంగింది. బాకు గాలిని కోసింది. ఆమె లేస్తూనే వాడి ముఖాన నిప్పు కొట్టింది. పాచిక ఇరవై చూపించింది. ఎడిటరు తల ఊపి ఆ దొంగని కథలోంచి తీసేసింది. తమ్ముడు రాకాసి మీద ఇంకో రెండు దెబ్బలు వేశాడు. రెండూ తగిలాయి. వాడు తూలుతున్నాడు, పడటం లేదు. గోడ గడియారం ప్రకారం ఇంకా ఆరు నిమిషాలుంది.

"బాబాయ్, మామూలు కత్తితోనే కొట్టెయ్," అన్నాడు తమ్ముడు. "టైము లేదు."

బాబాయి తల అడ్డంగా ఊపాడు. "పిడుగు మంత్రం ఎక్కిస్తున్నాను," అన్నాడు. మళ్ళీ పెదాలు బిగించాడు.

"అయ్యో!" అని తమ్ముడు తల పట్టుకున్నాడు. అంతలోనే సర్దుకుని కుర్చీ ముందుకు జరిపాడు. "సరే, నేను అడ్డం నిలబడుతున్నా. ఆయన మీదికి వచ్చే దెబ్బ నా మీద రాయండి." గద వచ్చింది. తమ్ముడి పాత్ర నేలకూలింది. బాబాయికి గీత కూడా పడలేదు.

బాబాయి వంతు. పద్నాలుగు దాటాలి. ఆయన పాచికని అరచేతిలో పెట్టుకుని ఊదలేదు, దేవుణ్ణి తలచుకోలేదు. డ్రిల్లు మీట దించినట్టు నిదానంగా చెయ్యి దించి వదిలాడు. పాచిక దొర్లి, రూల్సు పుస్తకానికి కొట్టుకుని ఆగింది. పదహారు.

"పిడుగు!" అని అరిచాడు బాబాయి. ఆ అరుపుకి పక్క బల్లవాళ్ళు ఉలిక్కిపడి ఇటు తిరిగారు. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర గ్లాసు పట్టుకున్న ఒకాయన చొక్కా మీద నీళ్ళు ఒలకబోసుకున్నాడు. ఎడిటరు రాకాసి కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది.

తర్వాత ఆవిడ ఐదో వాక్యం కింద పెన్నుతో గీత గీసింది.

"నేను ఇవాళ ఆరు బల్లలు చూశాను," అంది. "అందరూ కత్తీ మంత్రమూ కలిపితే దెబ్బ ఎంత పెద్దదవుతుందో లెక్కేసుకుని వచ్చారు. ఆడేవాణ్ణి నోరు మూసుకునేలా చేసిన రూలు ఇదొక్కటే. నోరు విప్పాలా వద్దా అని మనిషి ఆలోచించాల్సి రావడం నాకు నచ్చింది." తర్వాత బాబాయి వైపు చూసి, గొంతు తగ్గించకుండా మామూలుగానే అడిగింది. "ఈ పాత్రకి ఒకటే చెయ్యి అని రూలులో రాయమంటారా?"

"వద్దండీ. రెండు చేతులున్నవాళ్ళూ ఆడుకోవాలిగా. కానీ ఒకటి రాయండి. మంత్రం ఎక్కించినప్పుడు రెండో చేత్తో డాలు పట్టుకోకూడదని. లేకపోతే వాళ్ళు డాలు అడ్డం పెట్టుకుని హాయిగా ఎక్కించుకుంటారు, దెబ్బ తినరు, మంత్రం జారదు. నాకంటే వాళ్ళకే లాభం."

లెక్కలక్క నోరు తెరిచింది. నిజమే. అది కూడా తనకు తట్టలేదు. ఆయన ఒక్కడితోనే ఆడించి చూసింది కాబట్టి డాలు సంగతే రాలేదు. "ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదేం బాబాయ్?"

"నువ్వు అడగలేదు. పైగా ఇందాకటిదాకా నా నోరు కట్టేశావు."

ఎడిటరు గట్టిగా నవ్వి, ఆరో వాక్యం తన చేత్తోనే రాసుకుంది.

ఫలితం ఆ రోజే చెప్పలేదు. పదహారు రోజులకు డిపో చిరునామాకి ఉత్తరం వచ్చింది. రూలు తీసుకున్నారు. ఒకటి రెండు మాటలు మార్చారు, వరస అలాగే ఉంచారు. కింద నలుగురి పేర్లూ వేస్తామని రాశారు. ఇంకో సంగతి కూడా రాశారు. మిగతా జట్లు పంపిన రూల్సు బోలెడు పేరుకుపోయాయట. వాటిలో బొక్కలు వెతికిపెట్టడానికి లెక్కలక్కకు వీలవుతుందా అని ఎడిటరు అడిగింది.

లెక్కలక్క ఉత్తరం పట్టుకుని పనిముట్ల గదికి వెళ్ళింది. బాబాయి చదివి మడిచి ఇచ్చాడు. ముఖం నిండా సంతోషం. దాచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఒప్పుకుంటావా?" అన్నాడు.

"ఒప్పుకుంటాను. కానీ ఒక్కదాన్ని కాదని రాస్తాను. నేను లెక్క చూస్తాను, నువ్వు ఆడి చూడు. నాకు కనపడనివి నీకు కనపడుతున్నాయి."

బాబాయి ఫిట్టరు వైపు తిరిగాడు. "విన్నావా? ఇక శనివారాలు నాకు ఓవర్‌టైము వెయ్యొద్దని ఫోర్‌మన్‌కి చెప్పు. నాకు వేరే పనుంది."

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక ఇద్దరూ గేటు పక్క టీ బడ్డీ దగ్గర నిలబడి ఎడిటరుకు జవాబు రాశారు. లెక్కలక్క రాసింది, బాబాయి ప్రతి వాక్యానికీ ఏదో ఒకటి చేర్చమన్నాడు. ఆమె సగం చేర్చింది, సగం వదిలేసింది. చివర ఇద్దరూ సంతకాలు పెట్టారు. పోస్టు డబ్బాలో వేసి, మొదటి కట్ట రూల్సు ఎప్పుడొస్తాయో అని మాట్లాడుకుంటూ స్టాపు వైపు నడిచారు.